చార్మినార్ ఫుడ్ వాక్: గైడు చూపించే దారి, దాటేసే సందు

ఉదయం ఏడు గంటలు. చార్మినార్‌కి కొంచెం దూరంలో పదిమందిమి నిలబడ్డాం. ఇద్దరు బెంగళూరు ఐటీ ఉద్యోగులు, ఒక ముంబై కుటుంబం, ఇద్దరు విదేశీయులు, మరో ఇద్దరు నగరవాసులు, ఉస్మానియాలో చదివే మా జూనియర్, నేను. గైడు కుర్రాడు చలాకీగా ఉన్నాడు. అందరికీ నీళ్ళ సీసాలిచ్చి, 'వెజ్ ఎవరు, నాన్‌వెజ్ ఎవరు' అని చేతులెత్తించాడు. తరువాత నవ్వుతూ, 'భయపడకండి, ఈ వాక్‌లో బీఫ్ ఎక్కడా ఉండదు' అన్నాడు. కొందరు హమ్మయ్య అన్నట్టు నవ్వారు. మా జూనియర్ నా వైపు చూశాడు.

అతనిది నల్లగొండ వైపు ఒక ఊరు. వాళ్ళమ్మ పండుగకి పెద్దకూర వండుతుంది. మిగిలినదాన్ని తునకలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఎండేస్తుంది. మా నాయనమ్మా అదే చేసేది. ఆ మాటకి మేం భయపడాల్సినవాళ్ళమా, భయపెట్టేవాళ్ళమా? ఆ ప్రశ్న అప్పుడే అడగాల్సింది. నేను అడగలేదు. డబ్బు కట్టి వచ్చిన చోట కూడా నోరు మూసుకోవడం మనకి అంత అలవాటైపోయింది. ఈ వ్యాసం ఆ మౌనానికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

వాక్ ఎలా నడుస్తుంది?

ఫుడ్ వాక్ అంటే తెలియని వాళ్ళ కోసం ముందు రెండు మాటలు. ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి బుక్ చేసుకుంటారు. గైడు చిన్న గుంపుని తీసుకుని రెండు మూడు గంటలు పాతబస్తీలో నడిపిస్తాడు. మధ్యలో ఐదారు చోట్ల ఆగుతారు. ఉదయం వాక్ అయితే గుల్జార్ హౌజ్ దగ్గర బండి మీద వెన్న దోశ, తరువాత పాయా, నహారీ, నాలుగు మూలల రొట్టె, చివర ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. రంజాన్ నెలలో అయితే రాత్రి వాక్, హలీమ్ దాని కేంద్రం. ఏ బండి దగ్గర ఆగాలో, ఎంత తినాలో, ఎంతసేపు నిలబడాలో ముందే నిర్ణయమై ఉంటుంది. బండివాడికి డబ్బు గైడే ఇస్తాడు.

ఇందులో తప్పేమీ లేదు. కొత్త ఊళ్ళో ఏది తినాలో తెలియనివాళ్ళకి ఇది ఉపయోగమే. చాలామంది గైడులు కూడా నెల జీతానికో, రోజు కూలికో పనిచేసే చదువుకున్న పిల్లలే. హైదరాబాద్‌కి 2019లో యునెస్కో ఆహార సంస్కృతికి సంబంధించిన సృజనాత్మక నగరంగా గుర్తింపు ఇచ్చింది. హైదరాబాదీ హలీమ్‌కి 2010లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. నగరం తన తిండిని చూపించుకోవాలనుకోవడం సహజం.

అయితే ఫుడ్ వాక్ ఒక మ్యాపు కూడా. ఏ సందులోకి వెళ్ళాలో చెప్పే మ్యాపు, ఏ సందుని దాటేయాలో కూడా చెబుతుంది. మనం చదవాల్సింది రెండోదాన్ని.

కాళ్ళు, నాలుక ఎవరి తిండి?

మా గైడు పాయా గిన్నె ముందు నిలబడి నవాబుల కథ చెప్పాడు. దోశ దగ్గర నిజాం, చాయ్ దగ్గర నిజాం, బిస్కెట్ దగ్గర చివరి నిజాం. మూడు గంటల్లో నిజాం పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. వండేవాడి పేరు ఒక్కసారీ రాలేదు.

నహారీలో పడేవి ఏమిటో చూడండి. కాళ్ళు, నాలుక, ఎముకల్లోని మూలుగ. రాత్రంతా సన్నని మంట మీద ఉడికితే తప్ప మెత్తబడని భాగాలు. కల్లు కాంపౌండ్ల దగ్గర అమ్మే బోటి, కార్జం, నల్ల చూడండి. పేగులు, కాలేయం, నెత్తురు. జంతువులో మెత్తటి కండ ఎవరి ఇంటికి పోయిందో, మిగిలిన భాగాలు ఎవరి వాటాకి వచ్చాయో ఈ కూరలే చెబుతాయి. పేగు కడగడం ఒక పని. వేడినీళ్ళలో ముంచి, లోపలి పొర గీకి, పదిసార్లు నీళ్ళు మార్చాలి. కాళ్ళ మీది వెంట్రుకలు మంట మీద కాల్చి గీకడం ఇంకో పని. వాసన పోవడానికి ఏం వేయాలి, ఎంతసేపు ఉడికించాలి అన్నది తరాల తరబడి నేర్చుకున్న విద్య. నవాబుల వంటిళ్ళలో ఈ వంటలకి మసాలా, పేరు వచ్చి ఉండవచ్చు. కానీ వాటిని రుచిగా మార్చే చేతిపని పేద ముస్లింలది, కసాయి కులాలది, మాల మాదిగల వాడలది కూడా.

మరాఠ్వాడా నుంచి ఒక ఉదాహరణ. 1956 దాకా ఆ ప్రాంతం కూడా హైదరాబాద్ రాష్ట్రంలో భాగమే. అక్కడి మహార్, మాంగ్ కులాల తిండి గురించి శాహూ పాటోళే మరాఠీలో ఒక పుస్తకం రాశారు. పేరు 'అన్న హే అపూర్ణ బ్రహ్మ'. 2024లో ఇంగ్లీషులోకీ వచ్చింది. అన్నమే పరిపూర్ణ బ్రహ్మం అని అందరూ చెప్పుకునే మాటని ఆయన 'అపూర్ణ' అని మార్చారు. దళితుల వంట లేకుండా రాసిన వంటల చరిత్ర సగం చరిత్రే అని ఆ పేరులోనే ఉంది. నూనె దొరకని ఇళ్ళలో, కొనడానికి మసాలా లేని ఇళ్ళలో, ఒక పశువులోని ఏ భాగాన్నీ పారేయకుండా ఎలా వండుకున్నారో అందులో చదవొచ్చు. మన దగ్గర అలాంటి పని ఇంకా చాలా జరగాలి. మన అమ్మలు, నాయనమ్మలు ఉండగానే జరగాలి.

దాటేసిన సందు

దోశ తిన్నాక ఒక మలుపు దగ్గర ఉడుకుతున్న నహారీ వాసన వచ్చింది. మా జూనియర్ ఆగి, 'అన్నా, ఇది పెద్దకూరదే. అడుగుదామా?' అన్నాడు. ఈసారి అడిగాం. గైడు ఇబ్బందిగా నవ్వి, 'అది మన లిస్టులో లేదు సర్. శుభ్రత సమస్య. పైగా గుంపులో అన్నిరకాల వాళ్ళూ ఉంటారు కదా' అన్నాడు. నిజానికి మేం అప్పటికే తిన్న బండి కూడా కాలువ పక్కనే ఉంది. శుభ్రత అనే మాట కొన్ని కూరలకే ఎందుకు అంటుకుంటుందో మనకి తెలుసు. 'అన్నిరకాల వాళ్ళు' అన్న లెక్కలో మేం ఇద్దరం లేము.

హైదరాబాద్‌లో పెద్దకూర దొంగచాటు వ్యవహారం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1977లో వచ్చిన గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ఆవునీ, దూడలనీ కోయడాన్ని నిషేధిస్తుంది. ఎద్దులు, దున్నలు, గేదెల విషయంలో అధికారి ధ్రువపత్రం ఉంటే అనుమతిస్తుంది. పాతబస్తీలో కళ్యాణీ బిర్యానీ అంటే దున్న మాంసంతో చేసే బిర్యానీ. పొట్లీ బిర్యానీ కొనలేని ఆటోడ్రైవర్, కూలీ, హాస్టల్ విద్యార్థి కడుపు నింపేది అదే. దాని పుట్టుకని కూడా నేటి బసవకళ్యాణ్ నవాబులతో కలిపి చెబుతారు. అంటే గైడుకి కావాల్సిన నవాబు కథ దీనికీ ఉంది. అయినా లిస్టులో చోటు దొరకలేదు. కారణం చరిత్ర కాదు, తినేవాళ్ళెవరన్నదే.

ఈ నగరంలో పెద్దకూర మీద పోరాటం కూడా జరిగింది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత, బహుజన విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపారు. వాళ్ళ ప్రశ్న చాలా సాదాసీదాది: హాస్టల్ మెస్సులో అందరి తిండీ ఉన్నప్పుడు మా ఇంటి తిండి ఎందుకు లేదు? దానికి వ్యతిరేకంగా దాడులు, ఘర్షణలు జరిగాయి. 1953లో అంబేడ్కర్‌కి గౌరవ డాక్టరేట్ ఇచ్చిన విశ్వవిద్యాలయం అది.

ఇక్కడ విద్యార్థులు తరచుగా ఒక ప్రశ్న అడుగుతారు. అంబేడ్కరే గొడ్డుమాంసం మానమన్నారు కదా అని. ఆయన 1927లో మహాడ్‌లో చెప్పింది చచ్చిన పశువు మాంసం తినవద్దని, ఎవరి ఎంగిలీ తీసుకోవద్దని. ఊరి పెద్దలు చచ్చిన గొడ్డుని లాగించి, దాని మాంసాన్నే కూలిగా ఇచ్చే పద్ధతి మీద తిరుగుబాటు అది. తిండి మీద కాదు, ఆ తిండిని మన నెత్తిన రుద్దిన బానిసత్వం మీద. తరువాత 1948లో వచ్చిన 'అంటరానివారు' పుస్తకంలో ఆయన అంటరానితనం మూలాలని గొడ్డుమాంసంతోనే కలిపి విశ్లేషించారు. బలవంతంగా తినిపించడం, బలవంతంగా మాన్పించడం రెండూ ఒకే అధికారం చేసే పనులు. ఏది తినాలో మనమే నిర్ణయించుకోవాలన్నదే అసలు విషయం. పెద్దకూర మానేసిన దళితుడికీ, తినే దళితుడికీ ఆ హక్కు సమానంగా ఉండాలి.

బండి మీద ఎవరి పేరు?

పాతబస్తీ దాటి నగరంలో ఏ రోడ్డు మీదైనా నడవండి. బోర్డులు చదవండి. బ్రాహ్మణ భోజనం, రెడ్డి మెస్, రాజుగారి పులావ్, చౌదరి టిఫిన్స్ లాంటి పేర్లు కనిపిస్తాయి. కులం పేరు అక్కడ రుచికి హామీ. మాదిగ వారి బోటి, మాల వంటిల్లు అనే బోర్డు మీరెక్కడైనా చూశారా? మనవాళ్ళు వంట చేయడం లేదా? చేస్తున్నారు. హోటళ్ళలో గిన్నెలు తోముతున్నారు, ఉల్లిగడ్డలు కోస్తున్నారు, బండ్లు నడుపుతున్నారు. పేరు మాత్రం బోర్డెక్కదు.

మా చిన్నమ్మ ఒక చిన్న పట్టణంలో బస్టాండు పక్కన ఇడ్లీ బండి పెట్టింది. మూడేళ్ళు బాగానే నడిచింది. ఒకరోజు మా ఊరాయన ఒకడు బస్సు దిగి, అందరి ముందూ ఆమెని వాడ పేరుతో పలకరించాడు. ఎవరూ గొడవ చేయలేదు. ఎవరూ తిట్టలేదు. పదిరోజుల్లో ఇడ్లీలు మిగిలిపోవడం మొదలైంది. నెల తిరిగేసరికి ఆమె బండిని ఊరికి అవతల ఫ్యాక్టరీ గేటు దగ్గరికి మార్చుకుంది. చెట్నీ అదే, చెయ్యీ అదే. ఇప్పటికీ ఊరెక్కడ అని ఎవరైనా అడిగితే జిల్లా పేరు చెప్పి ఊరుకుంటుంది.

ఊళ్ళ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి చూసి పెరిగిన మనకి నగరపు వీధి బండి ఒక విడుదలలా కనిపించింది. డబ్బిస్తే ప్లేటు వస్తుంది, కులం అడగరు. ఆ విడుదల కొంతవరకే నిజం. కొనేవాడి కులం అడగరు. అమ్మేవాడి కులం తెలిస్తే మాత్రం చెల్లదు.

పేరు అడగడం ఎంత ప్రమాదమో 2024 జూలైలో దేశమంతా చూసింది. ఉత్తరప్రదేశ్‌లో కావడ్ యాత్ర దారి పొడవునా తిండి బండ్లు, హోటళ్ళ యజమానులు తమ పేర్లు రాసి పెట్టాలని అధికారులు ఆదేశించారు. గురి ముస్లింలే అయినా, పేరు చెప్పడమంటే మన దేశంలో కులం చెప్పడం కూడా. జూలై 22న సుప్రీంకోర్టు ఆ ఆదేశాల అమలుని ఆపింది. ఏ రకం తిండి అమ్ముతున్నారో చెప్పమనవచ్చు గాని, ఎవరు అమ్ముతున్నారో చెప్పమని బలవంతం చేయకూడదన్నది ఆ మధ్యంతర ఉత్తర్వు సారాంశం.

చట్టం మన వైపు ఉన్న చోటు తెలుసుకుందాం. రాజ్యాంగం 15(2) అధికరణ దుకాణాలు, హోటళ్ళలోకి కులం పేరుతో అడ్డగించడాన్ని నిషేధిస్తుంది. 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 పౌర హక్కుల రక్షణ చట్టం ప్రకారం హోటల్లో అందరికీ ఉంచిన పాత్రలు వాడనివ్వకపోవడం కూడా నేరం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సామాజిక, ఆర్థిక బహిష్కరణని నేరాల్లో చేర్చింది. కానీ మౌనంగా కొనడం మానేసే బస్టాండు మీద ఎవరి పేరున కేసు పెడతాం?

'వారసత్వం' అనే మాట చట్టంలో ఉంది

మా గైడు ఎక్కువసార్లు వాడిన రెండో మాట 'హెరిటేజ్'. ఈ మాట ఒక చట్టంలో కూడా ఉంది. అది భవనాల గురించి కాదు, బండ్ల గురించి.

2014 వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ, వీధి వ్యాపార క్రమబద్ధీకరణ చట్టం ప్రకారం, యాభై ఏళ్ళకి పైగా వీధి వ్యాపారులు అమ్ముకుంటున్న సహజ మార్కెట్లని వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలి. అక్కడి వ్యాపారులని వేరే చోటికి తరలించకూడదు. పాతబస్తీలో తరాలుగా బండ్లు పెట్టుకున్న సందుల్లో నిలబడి వారసత్వం గురించి మాట్లాడేటప్పుడు చెప్పాల్సిన మొదటి విషయం ఇది.

ఆ చట్టంలో ఉద్యమకారులు గుర్తుంచుకోవాల్సినవి మరికొన్ని ఉన్నాయి.

సర్వే పూర్తయి, వ్యాపార ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఏ బండినీ తొలగించకూడదు. తరువాత తొలగించాలన్నా, తరలించాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

సామాను పట్టుకుపోతే జాబితా రాసి ఇవ్వాలి. కూరగాయలు, వండిన తిండి లాంటి పాడైపోయేవి అడిగిన రోజే తిరిగి ఇవ్వాలి. మిగతావి రెండు పనిదినాల్లో ఇవ్వాలి.

ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులు తమలోంచి ఎన్నుకున్న ప్రతినిధులు. వారిలో మూడోవంతు మహిళలు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకి తగిన ప్రాతినిధ్యం ఉండాలి.

ఇన్ని హక్కులున్నా బండి తోసేవాళ్ళకి తెలిసింది లాఠీ ఒక్కటే. 2024 జనవరిలో మన నగరం ఐటీ కారిడార్‌లో సోషల్ మీడియా ద్వారా పేరుపడ్డ ఒక భోజనం బండిని ట్రాఫిక్ పేరుతో పోలీసులు తీయించారు. ముఖ్యమంత్రి జోక్యం చేసుకున్నాకే అది మళ్ళీ నిలబడింది. మంచిదే. కానీ వీడియోలు తీయని బండి సంగతేమిటి? పేరు పడితేనే దక్కేది హక్కు కాదు.

మరి వాక్‌కి వెళ్ళవద్దా?

వెళ్ళండి. కళ్ళు తెరుచుకుని వెళ్ళండి. మేం ఆ రోజు అడగలేకపోయిన ప్రశ్నలు ఇవి:

మనం కట్టిన ఫీజులో బండి మనిషికి ఎంత చేరుతుంది? ప్లేటు ధరేనా, అంతకన్నా ఎక్కువా?

ఈ బండికి వ్యాపార ధ్రువపత్రం ఉందా? చివరిసారి ఎప్పుడు తొలగించారు?

ఈ వంట ఎవరు చేస్తారు, ఎక్కడ, ఎన్ని గంటలకి లేచి? ఈ రోడ్డుని తెల్లవారకముందే ఊడ్చిన మనిషి ఎవరు? ఆమెకి ఈ బండి దగ్గర చాయ్ తాగే తీరిక ఉంటుందా?

ఈ దారిలో ఏ తిండిని వదిలేశారు? ఎందుకు?

ఒక జాగ్రత్త. బండి మనిషిని కులం అడగకండి, మనవాళ్ళే అనిపించినా సరే. మా చిన్నమ్మ దాచుకున్న ఊరి పేరు గుర్తుపెట్టుకోండి. చెప్పాలనుకుంటే వాళ్ళే చెబుతారు. ఫోటో తీసేముందు అనుమతి అడగండి. ఎవరి బతుకుతెరువూ మన ప్రాజెక్టుకి బొమ్మ కాకూడదు.

తరువాత మీ వాక్ మీరే గీసుకోండి. కాలేజీ సంఘం నుంచి పదిమంది చాలు. మీ ప్రాంతంలో బోటి వండే ఆమె, మక్క కంకులు కాల్చే ఆమె, కల్లు కాంపౌండు ముందు గుడాలు అమ్మే ఆమె, పెద్దకూర సీఖులు కాల్చే ఆయన. ముందురోజే వెళ్ళి మాట్లాడి, వాళ్ళు ఒప్పుకుంటేనే వెళ్ళండి. పూర్తి ధర ఇవ్వండి. చట్టంలోని పై నాలుగు మాటలూ ఒక కాగితం మీద తెలుగులో, ఉర్దూలో రాసి వాళ్ళ చేతిలో పెట్టండి. వాళ్ళు చెప్పిన వంట విధానాన్ని వాళ్ళు ఒప్పుకుంటేనే, ఒప్పుకున్న పేరుతోనే రాసిపెట్టండి.

వాక్ అయిపోయాక గైడు అందరినీ ఫోన్‌లో రేటింగ్ ఇవ్వమన్నాడు. మా జూనియర్ ఇచ్చాడు. దోశ బాగుంది, గైడు మంచివాడు, ఒక సందు వదిలేశారు అని రాశాడు. తరువాత ఇద్దరం వెనక్కి నడిచి, ఆ సందులోకి వెళ్ళి బల్ల మీద కూర్చున్నాం. నహారీ వచ్చింది. అతను ఒక ముద్ద తిని కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు.

'మా అమ్మ చేత్తో ఇంకా మంచిగుంటదన్నా' అన్నాడు చివరికి.

ఆ మాట ఉదయం పదిమంది ముందు అనగలిగి ఉండాల్సింది. వచ్చేసారి అంటాడు. అనడానికి పక్కన మనం ఉండాలి.